పొద్దుగాల వల తీసే యాళ్లకు

లోయర్ మానేరు కట్ట మీదికి ఇప్పటికి ఎన్నిసార్లు వెళ్ళి ఉంటారు? కరీంనగర్‌లో ఉండేవాళ్ళయితే లెక్క చెప్పలేరు. ఆదివారం సాయంత్రం పిల్లల్ని తీసుకుని వెళ్తారు, మక్కకంకి తింటారు, పొద్దు గూకేదాకా కూర్చుంటారు. దూరంగా నీళ్ళ మీద ఓ నల్లటి చుక్క కదులుతూ ఉంటుంది. అది పుట్టి. అందులో ఓ మనిషి. ఫోన్‌లో దగ్గరికి లాగి ఓ ఫొటో తీసుకుంటారు. ఇంటికొస్తారు.

ఆ పుట్టిలో మనిషితో ఎప్పుడైనా మాట్లాడారా?

నేనడిగిన వాళ్ళలో చాలామంది ఒకటే జవాబు చెప్పారు: "మాట్లాడాలనే ఉంటుంది. కానీ వాళ్ళేమనుకుంటారో!" ఈ అధ్యాయం ఆ 'ఏమనుకుంటారో' గురించే. చాపలు పట్టే వాళ్ళ ఊరికి వెళ్ళాలన్న కోరిక మీకుంది. ఎలా అడుగు పెట్టాలో తెలియక ఆగిపోతున్నారు. ఆ బెరుకు మంచి మనసుకు గుర్తు. దాన్ని పోగొట్టుకోనక్కర్లేదు, కాస్త దారిలో పెట్టుకుంటే చాలు.

కరేబియన్ దీవుల్లో బార్బడోస్ అనే చిన్న దేశం ఉంది. అక్కడ ఓయిస్టిన్స్ అనే జాలరి పట్నానికి శుక్రవారం రాత్రి వేయించిన చేప తినడానికి లోకమంతా వెళ్తుంది. గ్రెనడాలోని గుయావ్ కూడా అలాంటిదే. లక్షలు ఖర్చుపెట్టి విమానాలెక్కి వెళ్ళేవాళ్ళున్నారు. మరి మన దగ్గర? సముద్రం లేదు, నిజమే. గోదావరి ఉంది కదా! కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి బాసర, ధర్మపురి, కోటిలింగాల, మంథని మీదుగా కాళేశ్వరం చేరేలోగా ఆ తల్లి ఎన్ని ఊళ్ళకు కూడు పెడుతుందో! తుమ్మిడిహెట్టి దగ్గర వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతాయి. కడెం వాగు ఉంది, మానేరు ఉంది, ఊరూరా చెరువుంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో ముక్కలై కొత్త జిల్లాలయ్యాయి గానీ ఆ నీళ్ళు అవే, వాటి ఒడ్డున గంగపుత్రులు, బెస్తలు, ముదిరాజుల వాడలు అవే. గంటన్నర బస్సు ప్రయాణంలో మీకో జాలరి ఊరు దొరుకుతుంది. ఇక వెళ్దాం.

1. మీ గడియారం పక్కన పెట్టండి

మొదటిసారి నేను చేసిన తప్పు ఇదే. తాపీగా టిఫిన్ చేసి పది గంటలకు ఓ గోదావరి ఒడ్డు ఊరికి వెళ్ళాను. ఒడ్డున బోర్లించిన పుట్లు, ఆరేసిన వలలు, రెండు కుక్కలు. మనుషుల్లేరు. చెట్టు కింద కూర్చున్న ఓ అవ్వ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "గిప్పుడచ్చినవేంది బిడ్డా? చాపలు బోయినయి, మనుషులు పండుకున్నరు" అంది. ఆమె కసరలేదు. ఉన్న మాట చెప్పింది.

చాలాచోట్ల సాయంత్రం వల కట్టి వస్తారు, తెల్లారకముందే వెళ్ళి తీస్తారు. పొద్దు పొడిచేసరికి ఒడ్డుకు చేరతారు. అప్పటికే అక్కడ తూకం కాంటాలు, ఐసు డబ్బాలు కట్టిన బండ్లు సిద్ధంగా ఉంటాయి. ఏడు, ఎనిమిదింటికల్లా సరుకు పట్నం దారి పడుతుంది. తర్వాత వాళ్ళకు అన్నం, నిద్ర. మధ్యాహ్నం దాటాక వలలు బాగుచేసుకోవడం.

అంటే మీకు రెండు వేళలున్నాయి. తెల్లవారుజామున వెళ్తే పని చూస్తారు, మాట దొరకదు. నాలుగు గంటలప్పుడు వెళ్తే పని కనబడదు, మాట దొరుకుతుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు సాయంత్రం వెళ్ళాలని నా సలహా. నలుగురితో పరిచయం చేసుకుని, "రేపు పొద్దుగాల రావచ్చునా?" అని అడిగి, ఆ రాత్రి దగ్గరి పట్నంలో పడుకుని మళ్ళీ వెళ్ళండి. పొద్దున్నే ముక్కూమొహం తెలియని మనిషి ఒడ్డున నిలబడితే ఎవరికైనా చిరాకే. నిన్న సాయంత్రం చాయ్ తాగిన మనిషయితే ఆ సంగతే వేరు.

నెలల సంగతి కూడా చూసుకోండి. చాపలు గుడ్లు పెట్టే వానాకాలంలో ప్రాజెక్టుల్లో వేట బంద్ ఉంటుంది. చలికాలం హాయిగా ఉంటుంది. ఎండాకాలం నీళ్ళు తగ్గాక ఊరి చెరువు పట్టే రోజు తెలిస్తే మాత్రం ఎండకు భయపడకుండా వెళ్ళండి. మత్స్య సంఘం వాళ్ళంతా నడుంలోతు నీళ్ళలో వరసగా నిలబడి వల లాగుతుంటే, గట్టు మీద ఊరంతా గిన్నెలు, సంచులు పట్టుకుని నిలబడుతుంది. అది జాతరే. జూన్‌లో మిరుగు నాడు మాత్రం వెళ్ళొద్దు. ఆ రోజు తెలంగాణలో ప్రతి ఇంటికీ చాప కావాలి, వాళ్ళకు తల గోక్కునే తీరిక ఉండదు.

2. మొదటి మాట ఎవరితో?

నేరుగా ఒడ్డుకు వెళ్ళకండి. ఊళ్ళో చాయ్ హోటల్ దగ్గర ఆగండి. చాయ్ చెప్పి, "మీ ఊర్ల మత్స్య సంఘం అధ్యక్షుడు ఎవరన్నా?" అని అడగండి. దాదాపు ప్రతి ఊళ్ళోనూ మత్స్య సహకార సంఘం ఉంటుంది, అధ్యక్షుడు ఉంటాడు, హోటల్లో కూర్చున్న వాళ్ళలో ఒకరైనా సభ్యుడై ఉంటాడు. ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు మిమ్మల్ని వెంటబెట్టుకు వెళ్తారు. ఒడ్డున ఉన్నవాళ్ళు మీ మొహం కంటే ముందు మీ పక్కన ఉన్న మొహం చూస్తారని గుర్తుంచుకోండి.

వాళ్ళు మొదట అడిగేది ఒకటే: "ఏడికెళ్లి అచ్చిండ్రు సారూ? ఏం పని?" ఆ 'సారూ'లో చిన్న అనుమానం దాగి ఉంటుంది. ఏ డిపార్టుమెంటు మనిషో, ఏ సర్వే కోసం వచ్చాడో అని. ఉన్నదున్నట్టు చెప్పండి. "ఏం పని లేదు కాకా. మీ పని చూద్దామని అచ్చిన. చాపలు గూడ కొనుక్కపోత." ఇంత చాలు. డాక్యుమెంటరీ తీస్తున్నామనీ, పేపర్లో వేయిస్తామనీ లేనిపోని మాటలు చెప్పొద్దు. ఆ మాట నమ్మి ఎదురుచూసేవాళ్ళుంటారు.

వరుసలు కలపడానికి మొహమాటపడకండి. మీకంటే పెద్దాయన కాకా, లేదంటే తాత. ఈడువాడు అన్న. ఆడవాళ్ళు అక్క, అవ్వ. మీరు 'అన్నా' అన్నాక ఆయన మిమ్మల్ని 'సారూ' అనడం మానేసి 'తమ్మీ' అంటే, ఆ రోజుకు మీరు ఊళ్ళోకి వచ్చినట్టే.

3. ఏం అడగాలి, ఏం అడగొద్దు

కులం అడగొద్దు. నెలకెంత వస్తుందని అడగొద్దు. "ఇంత కష్టపడి ఏం మిగులుతుంది?" అని జాలిపడొద్దు. ఈ మూడూ మనం మంచి మనసుతోనే అడుగుతాం, ఎదుటి మనిషి మాత్రం ముడుచుకుపోతాడు. మీ ఆఫీసుకు ఓ కొత్త మనిషి వచ్చి రాగానే మీ జీతం అడిగితే మీకెలా ఉంటుంది?

పని గురించి అడగండి. చేతిలో ఉన్న వస్తువు గురించి అడగండి. గోదావరి ఒడ్డున ఓ పెద్దాయన వల బాగుచేస్తుంటే పక్కన కూర్చున్నాను. చిరిగిన చోటును ఎడమకాలి బొటనవేలికి తగిలించుకుని బిగువుగా లాగి పట్టాడు. కుడిచేతిలో దారం చుట్టిన సన్నటి పుల్ల. అది కన్నులోంచి దూరి, చుట్టు తిరిగి, ముడి పడి, బయటికొచ్చేసరికి నేను ఇంకా మొదటి ముడినే వెతుకుతున్నాను. ఆయన చూపు మాత్రం నీళ్ళ మీదే ఉంది. "వల కన్ను ఎంతుంటది కాకా?" అన్నాను. పని ఆపి, తెగిన కన్నులో మూడు వేళ్ళు దూర్చి చూపించాడు. "గీంత. గింతకన్న సన్నగుంటె పిల్లలు గూడ పడ్తయి. పిల్లల్ని పడ్తె అచ్చే ఏడు ఏం తింటం?" అక్కణ్ణుంచి ఆయన ఆగలేదు. వలకు పైన బెండ్లు ఎందుకు, కింద గుండ్లు ఎందుకు, గాలి ఎటునుంచి వీస్తే చాప ఏ మూలకు పోతుంది, అన్నీ చెప్పాడు. ఒక్క ప్రశ్నకు గంటసేపు చదువు.

ఇంకో చిన్న సంగతి. మన వైపు 'చాప' అంటారు. మీరూ అలాగే అనండి. రవ్వ, బొచ్చె, బంగారుతీగ, జెల్ల, వాలుగ, పరకలు, కొర్రమట్ట: ఈ పేర్లలో నాలుగైనా నేర్చుకుని వెళ్ళండి. కొర్రమట్ట అంటే పుస్తకాల్లో రాసే కొర్రమీను, మన రాష్ట్ర చేప. పేరు తప్పుగా చెప్పినా ఫర్వాలేదు. వాళ్ళు సరిదిద్దుతారు, అలా సరిదిద్దడంతోనే మాట కలుస్తుంది.

4. ఫోన్ జేబులోనే ఉండనివ్వండి

మొదటి గంట ఫొటో తీయొద్దు. ఇది కష్టమైన నియమమని నాకు తెలుసు. పొద్దుటి మంచు, పుట్టి, ఎర్రటి ఎండ, చెయ్యి ఊరుకోదు. కానీ ఒక్కసారి వాళ్ళ వైపు నుంచి చూడండి. తడిసిన బట్టల్లో, చలికి వణుకుతూ, బురద కాళ్ళతో ఒడ్డుకు వస్తున్న మనిషి తన ఫొటో ఎవరి ఫోన్‌లో ఉండాలో తానే చెప్పాలి కదా. చాపల పొలుసు గీకుతున్న అక్క కొంగు సర్దుకుని మొహం పక్కకు తిప్పుకుందంటే ఆమె జవాబు చెప్పేసినట్టే. "ఒక్కటే ఫొటో అక్కా" అని బతిమాలొద్దు.

గంట గడిచాక అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. కొందరు ఇంట్లోకి వెళ్ళి మంచి అంగీ తొడుక్కుని వస్తారు. అయ్యో, ఆ తడి బనీను ఫొటోయే బాగుండేది అని మీకనిపించవచ్చు. మంచి అంగీ ఫొటోయే తీయండి. అది ఆయన బొమ్మ.

5. గాలం తీసుకెళ్ళొద్దు

ఇది చాలామందికి తెలియదు. చెరువు అందరిదీ కదా, గాలం వేస్తే తప్పేముంది అనుకుంటారు. ఊరి చెరువులో చాప సంఘం పంట. రైతు పొలంలో నారు పోసినట్టు వాళ్ళు చెరువులో పిల్లలు పోసి, ఎదిగేదాకా నెలల తరబడి కాపలా కాస్తారు. 2016లో మొదలైన పథకం కింద ప్రభుత్వం చేపపిల్లల్ని ఉచితంగా ఇస్తోంది గానీ కాపలా, వలలు, కూలి, నీళ్ళు తగ్గితే నష్టం అన్నీ వాళ్ళవే. పట్టినదాంట్లో ప్రతి సభ్యుడికీ వాటా ఉంటుంది. మీరు సరదాగా లాగిన ఒక్క బొచ్చె ఎవరో ఒకరి వాటాలోంచి పోతుంది. వక్కలు ఏరుకుంటామని ఎవరి తోటలోకో దిగుతామా?

పట్టి చూడాలనిపిస్తే అడగండి. విసురువల ఎలా వేయాలో నేర్పమంటే నవ్వుతూ నేర్పేవాళ్ళున్నారు. మోచేతి మీద, పళ్ళ మధ్య వల పట్టుకుని గుండ్రంగా విసరడం చూడటానికి తేలిక. నేను వేసిన వల ముద్దగా పడింది.

6. కొనండి, గీసిగీసి బేరం చేయకండి

చూసినందుకు డబ్బు ఇవ్వబోతే వాళ్ళకు నచ్చదు. చాప కొంటే నచ్చుతుంది. ఊరి మనిషికి చెప్పే ధరే మీకూ చెప్తున్నారా అన్న అనుమానం పెట్టుకోకండి. పట్నం మార్కెట్ ధరతో పోలిస్తే ఒడ్డున ఎప్పుడూ మీకు లాభమే. ఇరవై రూపాయల కోసం పావుగంట గీసులాడి, అదే రోజు హైవే మీద బిర్యానీకి నాలుగు వందలు పెట్టి వచ్చే వాళ్ళను చూశాను.

తాజాదో కాదో చూసుకోవడం తప్పేం కాదు. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కన్ను తేటగా, కాస్త ఉబ్బెత్తుగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. కోయించుకున్న చోట, కోసిన ఆమెకు విడిగా డబ్బులివ్వడం మరిచిపోవద్దు.

ఎవరైనా అన్నం తినమంటే? తినండి. చింతపండు పులుసు, కారం దండిగా పడ్డ ఆ కూరకు పట్నంలో సాటి రాదు. ఆదిలాబాద్ వైపు అయితే పక్కన జొన్నరొట్టె ఉండొచ్చు. చాప తినని వాళ్ళయితే ముందే చెప్పేయండి, పప్పుచారు పోస్తారు. విస్తరి ముందు కూర్చున్నాక మొహం చిట్లించడం అన్నిటికంటే పెద్ద తప్పు.

7. ఆ నీళ్ళ కింద ఏముందో తెలుసుకుని వెళ్ళండి

ఈ ఒక్క విషయం మీరు మనసు పెట్టి చదవాలి.

మధ్య మానేరు ప్రాజెక్టు చూడ్డానికి వెళ్తారు. కంటి చూపు మేర నీళ్ళు, మధ్యలో చిన్న చిన్న దిబ్బలు. "అబ్బ, ఎంత బాగుంది!" అని నోట్లోంచి వచ్చేస్తుంది. ఆ నీళ్ళ కింద వరదవెల్లి, కొదురుపాక, చీర్లవంచ లాంటి ఊళ్ళున్నాయి. బడులు, గుళ్ళు, బొడ్రాళ్ళు, పెళ్ళి పందిళ్ళు వేసిన వాకిళ్ళు ఉన్నాయి. ఇప్పుడు ఆ నీళ్ళలో వల వేస్తున్న మనిషి ఒకప్పుడు అదే చోట నాగలి పట్టినవాడు కావచ్చు. పునరావాస కాలనీ నుంచి వచ్చి, తన ఊరి మీదే పుట్టి నడుపుతూ ఉండవచ్చు.

ఓసారి ఒడ్డున నిలబడి నాతో మాట్లాడుతున్న మనిషి మాట మధ్యలో ఆగి, వేలు చాపి, "అగో, ఆ మొద్దు కనబడ్తుందా? అది మా ఇంటెనక చింతచెట్టు" అన్నాడు. నీళ్ళలోంచి ఎండిన కొమ్మ ఒకటి పైకి లేచి ఉంది. దాని మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. "మీ అమ్మ ఆ చెట్టు చింతపండుతోనే పులుసు పెట్టేదా?" అని అడిగాను. ఆయన మొహం విచ్చుకుంది. వాళ్ళమ్మ గురించి, ఆ చెట్టు కింద ఆడిన ఆటల గురించి చాలాసేపు చెప్పాడు.

అలాంటి చోట పరిహారం ఎంత వచ్చిందని అడగొద్దు. ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అని వాదన పెట్టొద్దు. ఆ నీళ్ళతో ఎక్కడో పొలాలు పండుతున్నాయి, నిజమే. ఆ సంగతి మీకంటే ఆయనకే బాగా తెలుసు. పోయిన ఊరి పేరు పలకండి. అక్కడ ఏముండేదో అడగండి. వినండి.

కోటిలింగాల వెళ్ళినా ఇది వర్తిస్తుంది. శాతవాహనుల తొలి రాజు సిముకుడి నాణేలు దొరికిన చోటు అది. ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనక జలాలు ఆ పాతనేల దాకా వచ్చాయి. చరిత్ర కోసం వెళ్ళేవాళ్ళు నాణేల దగ్గరే ఆగిపోతారు. ఒడ్డున వల ఆరేసుకుంటున్న మనిషి దగ్గర కూడా రెండు నిమిషాలు ఆగండి.

8. నీళ్ళతో ఆటలొద్దు

జాలరి కొడుకు ఈదుతున్నాడు కదా అని మీరు దిగకండి. వాడు ఆ నీళ్ళలో పుట్టి పెరిగాడు. మానేరులో, గోదావరిలో ఇసుక తోడిన గుంతలుంటాయి. మోకాల్లోతు నీళ్ళలో ఒక్క అడుగు వేయగానే నిలువు లోతు. పైన చూస్తే ఏమీ తెలియదు.

ప్రాజెక్టు కింద నది ఎండిపోయినట్టు కనిపించినా నడిమధ్యకు వెళ్ళొద్దు. సైరన్ వినబడితే గేట్లు ఎత్తుతున్నారని అర్థం, సామాను వదిలేసి గట్టెక్కండి. 2022 జులైలో కడెం కట్ట నిలుస్తుందో లేదోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించిన సంగతి గుర్తుందా? 1958లో ఒకసారి తెగిన కట్ట అది. వానాకాలంలో నది మాటే చెల్లుతుంది.

పుట్టి ఎక్కాలనుకుంటే లైఫ్ జాకెట్ మీరే తీసుకెళ్ళండి. ఎక్కాక మధ్యలో కూర్చోండి, నిలబడొద్దు, ఫొటో కోసం ఒక పక్కకు వంగొద్దు. చెప్పులు ఒడ్డునే విప్పండి. "ఇయ్యాల గాలున్నది, వద్దు" అని ఆయన అంటే, ఇంకేం అడగకండి. మంచిర్యాల జిల్లాలో శివ్వారం దగ్గర గోదావరి మొసళ్ళ అభయారణ్యం. అక్కడ ఒడ్డున కూర్చుని కాళ్ళు నీళ్ళలో ఆడించాలన్న కోరిక పూర్తిగా మానుకోండి.

9. సీసాలు

ఒడ్డున తాగడానికి వెళ్ళేవాళ్ళ కోసం ఈ అధ్యాయం రాయలేదు. అయినా ఒక మాట. వల లాగేవాళ్ళు చెప్పుల్లేకుండా నీళ్ళలో దిగుతారు. పగిలిన సీసా ముక్క బురదలో కనబడదు. అరికాలు తెగితే ఆ మనిషికి వారాలపాటు వేట ఉండదు, ఇంట్లో పొయ్యి మీద ఎసరు ఉండదు. మీరు తెచ్చిన ప్రతి కవరూ, సీసా తిరిగి మీ సంచిలోనే వెళ్ళాలి. వీలైతే పక్కన కనబడ్డ రెండు ముక్కలు కూడా.

10. రెండోసారి

మీరు బయల్దేరేటప్పుడు ఎవరో ఒకరు అంటారు: "మల్లెప్పుడస్తరు?" ఇది మర్యాద కోసం అనే మాట అనుకుని "వస్తా వస్తా" అని చెప్పేసి వస్తాం. ఈసారి నిజంగా వెళ్ళండి. నెలకో, మిరుగు వెళ్ళాకో, వాళ్ళ గంగమ్మ బోనాలప్పుడో. తీసిన ఫొటోలను స్టూడియోలో కాగితం మీద వేయించి తీసుకెళ్ళండి. ఫోన్‌లో పంపిస్తే అన్నీ మరిచిపోతారు, కాగితం గోడ ఎక్కుతుంది. ఆ మంచి అంగీ తొడుక్కున్న కాకా ఫొటో ఒకటి పెద్ద సైజులో వేయించండి. ప్రింట్ వెనక తేదీ, ఊరి పేరు రాయండి. ముంపు ఊరి మనిషయితే, పాత ఊరి పేరు రాయండి.